కోడిపిల్ల నెత్తికి దెబ్బ తగిలితే

పొద్దున గంప ఎత్తగానే ఒక పిల్ల దారి తప్పి పక్క కోడి దగ్గరికి పోతుంది. తన పిల్ల కాదని అది నెత్తి మీద రెండు పోట్లు పొడుస్తుంది. మా దేవరకొండ దిక్కు నాటుకోళ్లు పెంచే ఇళ్లల్లో ఇది మామూలే. అయితే రక్తం కారే పిల్లకన్నా, గాయం కనిపించకుండా తూలే పిల్లను చూస్తేనే నాకు టెన్షన్.

సమస్య: నెత్తి తోలు లేచింది, ఎముక తెల్లగా కనిపిస్తోంది

కారణం: కోడి పోటు, కాకి, పిల్లి.

పరిష్కారం: శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమి పట్టండి, రక్తం ఆగుతుంది. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ముప్పావు టీస్పూన్ ఉప్పు కలిపి గాయం కడగండి. తర్వాత బెటాడిన్‌ను పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి అద్దండి, కంట్లో పడనీయొద్దు. లేచిన తోలును కత్తిరించకండి, తడి దూదితో నెమ్మదిగా మళ్లీ నెత్తి మీదికి జరపండి. ఎముక ఎండిపోతే ఆ ఎముకే చచ్చిపోతుంది, కాబట్టి నియోస్పోరిన్ ఆయింట్‌మెంట్ పలచగా రాసి తడిగా ఉంచాలి. మత్తుమందు కలిసిన ఆయింట్‌మెంట్ వద్దు, పక్షులకు అది విషం కావచ్చు. పసుపు, బూడిద మెత్తితే మురికి గాయంలోనే గట్టిపడుతుంది.

పోయిన వానకాలం మా పిల్ల ఒకదానికి కన్ను పై నుంచి మెడ దాకా తోలు ఊడింది. బతకదనే అనుకున్నా. నాలుగో రోజుకు నూకలు ఏరుకుని తింది. ఇప్పుడు పెట్ట, నెత్తి మీద మాత్రం ఈకలు రాలేదు.

సమస్య: గాయం చిన్నదే, కానీ మెడ వంకర పోయింది, గుండ్రంగా తిరుగుతోంది

కారణం: లోపల మెదడు వాచి ఉండొచ్చు. కానీ దెబ్బ తగలడం మీరు చూడకపోతే కొక్కెర తెగులును (రాణిఖేత్ అనే అంటురోగం) కూడా అనుమానించాలి. పచ్చటి పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఇంకో పిల్లకు కూడా అదే లక్షణం ఉంటే అది దెబ్బ కాదు. వెంటనే వేరు చేసి పశువుల డాక్టరుకు చూపించండి. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసినా సరే.

పరిష్కారం: దెబ్బే అయితే అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టండి. తల్లి కూత వినబడితే మంచిదే. చలి తగలనీయొద్దు, అట్లని బల్బు మరీ దగ్గర పెట్టి ఉడికించొద్దు. నోట్లో నీళ్లు పోయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు కొనకు ఒక చుక్క తాకించండి, తానే మింగితే ఇంకో చుక్క. వాపు తగ్గే మందు, విటమిన్ ఇ, బి1 ఎంత వేయాలో డాక్టరే బరువు చూసి చెప్పాలి. మెడ తిన్నగా అవడానికి వారాలు పట్టొచ్చు. అన్నాళ్లూ చేత్తోనే తినిపించాలి, ఓపిక లేకపోతే కష్టం.

సమస్య: గాయం కంపు కొడుతోంది

కారణం: ఈగ గుడ్లు పెట్టి, పురుగులు పట్టి ఉండొచ్చు.

పరిష్కారం: కిరోసిన్ పోయొద్దు. ఉప్పునీళ్లతో కడిగి, పురుగులను చిమటాతో ఒక్కొక్కటే తీయాలి. లోతుగా పోతే డాక్టరే. పెట్టెకు పాత దోమతెర కప్పితే ఈగలు వాలవు.

సమస్య: మందలో కలపగానే మళ్లీ పొడుస్తున్నాయి

కారణం: ఎర్రగా కనిపించేదాన్ని కోళ్లు పొడవకుండా ఉండలేవు.

పరిష్కారం: తోలు పూర్తిగా కట్టేదాకా కలపొద్దు. ముందు రెండు మూడు రోజులు జాలీ అవతల పెట్టి, తర్వాత పొద్దుగూకాక గంప కిందికి తోయండి.