ఉప్పు పర్రలో గాలం – 4వ పాఠం: పోటు, పాటు, మధ్యలో గాలి

ఉప్పు పర్రలో, అంటే సముద్రపు నీరు ఎక్కి దిగే గడ్డినేలలో, చేపలు పట్టడం నేర్చుకుంటూ పోయిన పాఠంలో ముడి దాకా వచ్చాం. 15 పౌన్ల అల్లిక దారానికి 20 పౌన్ల ఫ్లోరోకార్బన్ లీడరు (గాలం దగ్గర ఉండే కొస దారం) కలిపి, ఒక కొస కాలికింద తొక్కిపట్టి లాగినా జారడం లేదు కదా? అయితే ఈ వారం రాడ్డు గోడకి ఆనించి పెట్టండి. ఈ పాఠానికి ఒక గెడ, రెండు రబ్బరు బ్యాండ్లు, ఒక నోటుపుస్తకం చాలు.

టెక్సాస్ ఒడ్డున ఉన్న గాల్వెస్టన్ బేకి (అఖాతానికి) కొత్తగా వచ్చిన మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ ఎర వాడాలి?" అని. నన్నడిగితే ఎర నాలుగో ప్రశ్న. మొదటిది నీరు కదులుతోందా, రెండోది ఎటు, మూడోది ఎందుకు. ఆ మూడోదే మనల్ని ఇక్కడ బోల్తా కొట్టిస్తుంది.

మాది కోనసీమ. మా చిన్నాన్న వాచీ పెట్టుకునేవాడు కాదు. పోటు ఎప్పుడొస్తుందని అడిగితే, ఇవాళ తిథేమిటని ఎదురడిగి, వేళ్ళ మీద లెక్కేసి చెప్పేవాడు. "రేపటి పోటు ఇవాళ్టి కంటే రెండు ఘడియలు వెనక." అంతే ఆయన శాస్త్రం. ఘడియ 24 నిమిషాలు, రెండైతే 48. చంద్రుడు రోజూ ఆలస్యమయ్యేది కూడా సుమారు 50 నిమిషాలే కాబట్టి ఆయన లెక్క తప్పేది కాదు. అక్కడ రోజుకి రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). పున్నమికీ అమావాస్యకీ పోటు ముదురుతుంది, అష్టమి చుట్టుపక్కల చప్పబడుతుంది.

ఆ లెక్కంతా మూటగట్టుకుని టెక్సాస్ ఒడ్డుకి వస్తే, సగం రోజులు అసలు రెండో పోటే రాలేదు.

కారణం ఉంది. ఇక్కడి గల్ఫ్, అంటే మెక్సికో సింధుశాఖ, దాదాపు నాలుగు వైపులా మూసుకున్న తొట్టి. రోజుకి రెండుసార్లు వచ్చే ఊపు ఈ తొట్టిలో సరిగ్గా అందుకోదు. చంద్రుడు భూమధ్యరేఖకి ఉత్తరానికో దక్షిణానికో జరిగినప్పుడు పుట్టే రోజుకొక్క ఊపే ఇక్కడ పైకి తేలుతుంది. అందుకని చంద్రుడు రేఖకి బాగా దూరంగా ఉన్న రోజుల్లో ఒకే పెద్ద పోటు, ఒకే పెద్ద పాటు. రేఖ దాటే రోజుల్లో రెండు బలహీనమైన పోట్లు రావచ్చు, లేదా నీరు ఊరికే నిలబడి మన మొహం చూడొచ్చు.

ఇక్కడ మన పంచాంగం మళ్ళీ పనికొస్తుంది, కాకపోతే చూడాల్సిన గడి వేరు. తిథి వదిలేసి నక్షత్రం చూడండి. చంద్రుడు మృగశిర, ఆర్ద్రల దగ్గర ఉంటే ఉత్తరపు కొసన ఉన్నట్టు. మూల దగ్గర ఉంటే దక్షిణపు కొసన. ఈ రెండు చోట్లా గల్ఫ్ పోటు ముదురు. ఉత్తరాభాద్ర, ఉత్తర నక్షత్రాల దగ్గర రేఖ దాటుతాడు, అప్పుడు నీరు బద్ధకిస్తుంది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది కానీ, నెల ముందే సెలవు పెట్టుకోవడానికి ఈ మాత్రం చాలు. మా చిన్నాన్నకి ఫోన్లో ఈ సంగతి చెబితే, "అయితే మీ సముద్రం తిథి మానేసి నక్షత్రం పట్టుకుందన్నమాట" అన్నాడు.

ఇంతవరకూ చెప్పింది చంద్రుడి పని. అది పోటు పట్టికలో అచ్చయి ఉంటుంది. పట్టికలో ఉండనిది గాలి.

గాల్వెస్టన్ పియర్ 21 దగ్గర నీటి మట్టం కొలిచే యంత్రం ఉంది. అక్కడి రికార్డు 1904 నుంచి ఉంది. నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ళ సైట్లో ఆ కేంద్రం తెరిస్తే గ్రాఫులో నీలం గీత కనిపిస్తుంది. అది చంద్రుడు, సూర్యుడు ఇచ్చిన మాట. పక్కనే ఎర్ర గీత, అది నీరు నిజంగా చేస్తున్న పని. ఈ రెండు గీతల మధ్య సందు చూడటమే ఇవాళ్టి పాఠం. అక్కడ మామూలు పోటుపాట్ల తేడా అడుగున్నర ఉంటుంది. చలికాలంలో గట్టి ఉత్తరగాలి ఒక్క రాత్రి వీస్తే బేలోంచి రెండు అడుగుల నీటిని ఊడ్చేయగలదు. అంటే చంద్రుడు పెట్టినదానికంటే గాలి పట్టుకుపోయేది ఎక్కువ. ఆగ్నేయపు గాలి దీనికి ఎదురు. అది రెండు మూడు రోజులు ఆగకుండా వీస్తే గల్ఫ్ నీటిని లోపలికి తోసి, పాటు వేళకి కూడా గడ్డి మొదళ్ళు ముంచి ఉంచుతుంది.

దీన్ని నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఇక్కడికి వచ్చిన రెండో చలికాలం, డిసెంబరు శనివారం, గాల్వెస్టన్ బేలో తూర్పు భాగమైన ఈస్ట్ బే ఉత్తరపు ఒడ్డున పర్రలోకి కాయక్ (తెడ్డుతో నడిపే సన్న పడవ) దింపాను. పట్టిక ప్రకారం పదకొండు దాకా పోటే. తెల్లవారుజామున గాలి ఉత్తరానికి మళ్ళింది. చెవులు చల్లబడ్డాయి గానీ బుర్రకి ఎక్కలేదు. ఒక సన్నపు పాయ పట్టుకుని అరమైలు లోపలికి పోయాను. తొమ్మిదిన్నరకి తెడ్డు బురద తవ్వడం మొదలైంది. పదికి కాయక్ అడుగు నేలకి అతుక్కుంది. చుట్టూ గడ్డి, మధ్యలో చారెడు నీళ్ళు, వాటిలో నేను. దిగితే తొడ దాకా రొంపి. చివరికి కాయక్ మీద బోర్లా పడుకుని, కాళ్ళతో తోసుకుంటూ రెండు గంటలు పట్టింది ఆ అరమైలు. ఒక చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. పిక్క మీద ఆల్చిప్ప కోసిన గీత కూడా ఇప్పటికీ ఉంది.

అది చల్లటి నెల కాబట్టి సరిపోయింది. ఎండాకాలపు వెచ్చటి ఉప్పునీటిలో అలాంటి కోత పడితే విబ్రియో అనే బాక్టీరియా ఒంట్లోకి పోవచ్చు. షుగరు, లివరు జబ్బు ఉన్నవాళ్ళకి అది ప్రాణం మీదకి తెస్తుంది. మనవాళ్ళలో షుగరు సంగతి మీకు తెలిసిందే. గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి. కోత పడితే వెంటనే మంచినీళ్ళూ సబ్బుతో కడగండి. ఎర్రబడి వాస్తే తెల్లారేదాకా ఆగకండి.

రొంపిలో చిక్కితే నిలబడకండి, బరువు కాయక్ మీద పరవండి. చిక్కకుండా ఉండాలంటే, ఉత్తరగాలి రోజున ఒకే దారి ఉన్న పాయలోకి పోకండి.

ఇప్పుడు గెడ తీయండి. ఏడెనిమిది అడుగులది, మొన తేరినది. కాయక్ పక్కన బురదలో గట్టిగా దింపి, నీరు తాకే చోట రబ్బరు బ్యాండు ఎక్కించండి. అల పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి ఏడెనిమిది అలలు చూసి మధ్యగా పెట్టండి. పావుగంట టీ తాగండి. తర్వాత నీరు తాకే చోట రెండో బ్యాండు. రెండింటి మధ్య అర అంగుళం వచ్చిందంటే అది వేట నీరు. ఏమీ రాకపోతే చోటు మార్చడం కాదు, ఇంకో పావుగంట ఆగడం మంచిది.

గెడ లేకపోయినా గడ్డి చెబుతుంది. కాడల మీద నీటికి పైన తడి పట్టీ మెరుస్తుంటే నీరు దిగుతోంది. పొడి కాడ నేరుగా నీళ్ళలోకి దిగుతుంటే నీరు ఎక్కుతోంది. కాడలకి అంటుకున్న గోరంత నత్తలున్నాయి చూడండి, అవి నీరు ఎక్కుతుంటే పైకి పాకుతాయి, తగ్గితే మేతకి బురద మీదకి దిగుతాయి. నాకు తెలిసి ఈ పర్రలో వాటిని మించిన పోటు పట్టిక లేదు.

నీరు దిగుతోందని తేలితే ఎక్కడ నిలబడాలి? పర్రలోంచి చిన్న కాలువ పెద్ద పాయలోకి పడే మూతి దగ్గర. గడ్డిలో దాక్కున్న రొయ్యలు, పీతపిల్లలు నీటితోపాటు ఆ మూతిలోంచే బయటకి రావాలి. మనం పట్టాలనుకునే చేప రెడ్‌ఫిష్ అక్కడ నీటికి ఎదురు మొహం పెట్టి కాపు కాస్తుంది. మన గోదావరి పాయల్లో పండుగప్ప వేసే ఎత్తు కూడా ఇదే.

మూతికి ఎదురుగా కాదు, పక్కగా నలభై అడుగుల దూరంలో ఆగండి. గెడ గానీ లంగరు గానీ కాయక్ ముక్కుకో తోకకో కట్టాలి. నడుముకి కడితే పారే నీరు పక్కనుంచి తోసి బోర్లా వేస్తుంది. బెండు కింద అడుగున్నర లీడరు, దానికి బతికున్న రొయ్య. తలలో నల్లచుక్క కనిపిస్తుంది, దాన్ని తప్పించి కొమ్ము కింద అడ్డంగా గాలం గుచ్చండి. చుక్కకి తగిలితే రొయ్య అక్కడికక్కడే చస్తుంది. కాలువలోకి, నీరు వస్తున్న వైపు విసిరి, దాని మానాన దాన్ని కొట్టుకురానివ్వండి. రెండుసార్లు "టప్, టప్"మని బెండుని లాగి, పది లెక్కపెట్టి ఆగండి. మనవాళ్ళు ఆ పది దాకా ఆగలేక చేపని పోగొట్టుకుంటారు.

రెడ్‌ఫిష్ పడితే తోక ముడిచి కొలవండి. 20 అంగుళాలకి తక్కువైతే నీళ్ళలోకే, 28 దాటితే లైసెన్సుతో వచ్చే ట్యాగు కట్టకపోతే నీళ్ళలోకే. తలకి రోజుకి మూడు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, సెప్టెంబరులో కొత్త లైసెన్సు తీసుకునేటప్పుడు ఓసారి మళ్ళీ చదువుకోండి.

అభ్యాసం: వచ్చే ఏడు రోజులూ పొద్దున్న ఏడింటికి పియర్ 21 గ్రాఫు తెరవండి. నోటుపుస్తకంలో నాలుగు గడులు: నీలం గీత ఎంత, ఎర్ర గీత ఎంత, గాలి ఎటునుంచి, ఆ రోజు నక్షత్రం. మధ్యలో ఒక రోజైనా గాలి దిక్కు మారాలి. మారకపోతే ఇంకో వారం రాయండి. ఆ పుస్తకం తెచ్చుకుంటేనే 5వ పాఠంలో కాయక్ నీళ్ళలోకి దించుదాం.