వీధికుక్కల కేసుల్లో పశువైద్యులు పెన్ను పట్టే ముందు

తెలంగాణ గ్రామాల్లో వీధికుక్కలను విషపు ఇంజెక్షన్లతో చంపారన్న వార్తలు వచ్చినప్పటి నుంచి పశువైద్యులకు కొత్త టెన్షన్ మొదలైంది. కొనఊపిరితో ఉన్న కుక్కను ఎవరో ఆటోలో వేసుకొస్తారు. చచ్చినవాటికి పోస్టుమార్టం చేయమని పోలీసులు పిలుస్తారు. జంతుహింస నేరమని మీకు నేను చెప్పక్కర్లేదు. మంచి డాక్టర్లను ఇరికించే ఒక్క పొరపాటు గురించే చెప్తాను: చూసింది వదిలేసి, ఊహించింది రాయడం.

కుక్క కాళ్లు బిగదీసుకుని కొట్టుకుంటుంటుంది, నోట్లోంచి నురగ. తెచ్చినవాళ్లు ఏడుస్తూ "పక్కింటాయనే విషం పెట్టాడు సార్, రాసివ్వండి" అంటారు. డాక్టరు జాలిపడి చీటీ మీద 'విషప్రయోగం' అని రాసిచ్చేస్తారు. సాయంత్రానికి ఆ చీటీ ఫొటో పక్కింటాయన పేరుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. కానీ డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బులోనూ ఫిట్స్ వస్తాయి, రేబిస్‌లోనూ చొంగ కారుతుంది. ల్యాబ్ రిపోర్టులో విషం లేదని తేలితే అవతలి లాయరు మొదట పట్టుకునేది ఆ చీటీనే. పరువునష్టం నోటీసు ఒక దెబ్బ. అంతకన్నా పెద్ద దెబ్బ, రేపు నిజంగా విషం పెట్టినవాడి కేసులో కూడా ఆ డాక్టరు మాటకు విలువ ఉండదు.

అందుకే చూసింది రాయండి. టైము, శరీర ఉష్ణోగ్రత, కంటిపాపల సైజు, గాయం పొడవు, సూది గుచ్చిన గుర్తు ఎక్కడుంది. 'విషప్రయోగం అనుమానం, నిర్ధారణకు ల్యాబ్ పరీక్ష అవసరం', అక్కడితో ఆగండి. ఎవరు చేశారో తేల్చడం పోలీసుల పని. తెచ్చినవాళ్ల మాటలను 'వారు చెప్పిన ప్రకారం' అని విడిగా రాయండి.

చట్టం అండ ఉంది, కానీ అందరికీ ఒకేలా లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 40 కింద సదుద్దేశంతో చేసిన పనికి రక్షణ ఉన్నది పబ్లిక్ సర్వెంట్లకే. ప్రైవేటు క్లినిక్ డాక్టరుకు ఆ గొడుగు లేదు, ఆయనను కాపాడేది ఆయన కేస్ షీటే. పరువునష్టం సెక్షన్, అంటే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 356లో ఒక మినహాయింపు ఉంది: విచారించే అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసే ఫిర్యాదు నేరం కాదు. అది స్టేషన్‌లో ఇచ్చే కాగితానికి పనికొస్తుంది, ఫేస్‌బుక్ పోస్టుకు కాదు.

1960 చట్టంలో హింసకు మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా బీఎన్ఎస్ 325 కింద అయిదేళ్ల వరకు జైలు. ఫిర్యాదులో ఈ సెక్షన్ కచ్చితంగా ఉండాలి. ఆలస్యం చేయకండి, 1960 చట్టం కింద కేసు నడపడానికి గడువు మూడు నెలలే.

పోలీసుల రాతపూర్వక అభ్యర్థన లేకుండా ఇలాంటి పోస్టుమార్టం మొదలుపెట్టకండి.

విష పరీక్షకు పంపే అవయవాలను ఫార్మలిన్‌లో వేయకండి, పరీక్ష పాడవుతుంది.

ప్రతి సీసాకూ సీలు, లేబుల్, సంతకం. ఎవరి చేతికిచ్చారో రసీదు తీసుకోండి.

మీరు రేబిస్ టీకాలు వేయించుకోకుండా చచ్చిన కుక్క తల కోయకండి.

ఫొటోలు మీరే తీయండి, అసలు ఫైలు డిలీట్ చేయకండి. కోర్టులో ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ అడుగుతారు.

ఎవరో బతిమాలారని కారుణ్య మరణం ఇంజెక్షన్ వేయకండి. 2023 ఏబీసీ (జంతు సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం ఏ వీధికుక్కకు నయం కాదో తేల్చాల్సింది స్థానిక కమిటీ నియమించిన బృందం.

కుక్కను తెచ్చినవారి పేరు, ఫోన్ నంబరు, సంతకం తీసుకోండి.

పాత తేదీ వేయకండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టండి, వైట్‌నర్ వద్దు.

ప్రభుత్వ డాక్టరు మీద డ్యూటీలో చెయ్యి చేసుకుంటే బీఎన్ఎస్ 132 ఉంది. రాజీకి ముందే ఫిర్యాదు ఇవ్వండి.

'గుండెపోటు' అని రాసేయమని పెద్దమనిషి ఎవరైనా ఫోన్ చేస్తే అది కూడా ఊహే, రాయకండి. ఆ ఫోన్ ఎన్ని గంటలకు వచ్చిందో మాత్రం రాసిపెట్టుకోండి.