కణాలకు ఇల్లు కడదాం – 4వ పాఠం: పూసలు ఎందుకు కరిగిపోయాయి?

మూడో పాఠంలో ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు పదార్థం) ద్రావణాన్ని కాల్షియం ద్రావణంలో చుక్కలుగా వేసి, కణాలను లోపల దాచే జెల్ పూసలు చేశాం. అది చేసినవాళ్లలో చాలామంది ఒకే మాట రాశారు: "పూసలు బాగానే వచ్చాయి, కడిగాక ఉబ్బి చితికిపోయాయి." టెన్షన్ పడకండి. మీ చేతిలో తప్పేం లేదు. ఎలా కడగాలో నేను చెప్పకుండా వదిలేశాను, అందుకే ఇవాళ ముందు దాని సంగతే.

ఆల్జినేట్ కలపడం గురించి మళ్లీ చెప్పను. రాగిపిండి ఉండలు కట్టకుండా జావ కాచడం వచ్చినవాళ్లకు అదీ వస్తుంది: తిరుగుతున్న నీళ్లలో పొడిని కొద్దికొద్దిగా చల్లడమే.

మీరందరూ కడిగింది ఫాస్ఫేట్ బఫర్ సెలైన్‌తో, అంటే పీబీఎస్‌తో. ల్యాబ్‌లో చేయి అలవాటుగా దాని మీదికే పోతుంది. ప్లేటుకు అతుక్కున్న కణాలను ట్రిప్సిన్‌తో (ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్) లేపే ముందు కాల్షియం లేని పీబీఎస్‌తో కడగడం సరైన పద్ధతే, ఎందుకంటే అక్కడ కాల్షియం పోవాలి. మన పూసను పట్టి ఉంచేది మాత్రం ఆ కాల్షియమే. ఆల్జినేట్ గొలుసులో గులురోనిక్ ఆమ్లం (ఒక రకం చక్కెర ఆమ్లం) వరసగా వచ్చే చోట్ల గుంతలుంటాయి. రెండు గొలుసుల గుంతల మధ్య కాల్షియం అయాన్లు అట్టలో గుడ్లలా కూర్చుంటాయి. ఫాస్ఫేట్ వచ్చి ఆ గుడ్లను లాక్కుంటుంది. మీరు చూసిన తెల్లటి మసక కాల్షియం ఫాస్ఫేటే. ఖాళీ అయిన గుంతల్లోకి సోడియం చేరుతుంది, కానీ అది గొలుసులను కలిపి పట్టుకోలేదు. నీళ్లు లోపలికి వస్తాయి, ఎక్కువసేపు ఉడికిన సగ్గుబియ్యంలా పూస ఉబ్బి విడిపోతుంది.

ఫాస్ఫేట్ లేని ఉత్త సెలైన్‌లో కూడా నెమ్మదిగా ఇదే జరుగుతుంది. అందుకే నేను లీటరు 0.9 శాతం సెలైన్‌లో 100 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ 20 మి.లీ. పోసి ఉంచుకుంటాను. దాదాపు 2 మిల్లీమోలార్ అవుతుంది, అది చాలు. ఆ 100 మిల్లీమోలార్ ద్రావణానికి కాల్షియం క్లోరైడ్ తూచేటప్పుడు సీసా మీద డైహైడ్రేట్ (నీటి అణువులు కలిసున్నది) అని ఉంటే లీటరుకు 14.7 గ్రాములు, నిర్జలమైతే 11.1.

కరగడం ఒక్కోసారి మనకే కావాలి. మృదులాస్థి కణాలను పూసలో పెంచి, 55 మిల్లీమోలార్ సోడియం సిట్రేట్‌లో పూసను కరిగించి బయటికి తీస్తారు; సిట్రేట్ కూడా కాల్షియాన్ని లాక్కుంటుంది. 1980లో లిమ్, సన్ అనే పరిశోధకులు ఇన్సులిన్ తయారుచేసే కణగుచ్ఛాలను ఆల్జినేట్‌లో బంధించి, పైన పాలీలైసిన్ (అమైనో ఆమ్లాల గొలుసు) పొర వేసి, లోపలి జెల్‌ను సిట్రేట్‌తో ద్రవంగా మార్చారు. పొర లేని కణగుచ్ఛాలు మధుమేహం ఉన్న ఎలుకల్లో దాదాపు వారానికే చేతులెత్తేస్తే, పొరలో దాచినవి 2, 3 వారాలు పనిచేశాయి. జన్యు సర్క్యూట్ (కణానికి కొత్త పని నేర్పేలా కలిపి పెట్టిన జన్యువుల సమూహం) పెట్టిన కణాలను శరీరంలో దాచాలన్నా మొదటి మెట్టు ఈ పూసే. అందుకే దీని మీద ఇంత పట్టు పడుతున్నాను.

అభ్యాసం: బేకరీ ఈస్ట్ కలిపి 60 పూసలు చేయండి. పీబీఎస్‌లో 20, ఉత్త సెలైన్‌లో 20, కాల్షియం కలిపిన సెలైన్‌లో 20 వేయండి. గంటకోసారి చొప్పున 6 గంటలు, మళ్లీ మర్నాడు పొద్దున తూచి గ్రాఫ్ గీయండి. తూచే ముందు పూసలను టిష్యూ కాగితం మీద ఒక్కసారి దొర్లించండి, పైన తడి మిగిలితే తూకమంతా అబద్ధమవుతుంది.