చెక్క నేలకు బకెట్ నీళ్ళు పడవు: హార్డ్‌వుడ్ ఫ్లోర్ శుభ్రం చేయడం ఎలా?

గ్రానైట్ మీద తడిగుడ్డ పెట్టి అలవాటైన చెయ్యి, అమెరికా ఇంట్లో ఓక్ చెక్క నేల కనబడినా బకెట్టే వెతుకుతుంది. నీళ్ళు సందుల్లోంచి దిగి చెక్క అడుగుభాగం ఉబ్బుతుంది. కొన్నాళ్ళకు పలకల అంచులు లేచి, మధ్య భాగం దొన్నెలా గుంటపడుతుంది.

ముందు పూత సంగతి చూడండి. సోఫా వెనక రెండు చుక్కల నీళ్ళు వేసి ఐదు నిమిషాలు ఆగండి. చుక్కలు అలాగే నిలబడితే పైన పాలీయురెథేన్ లాంటి పూత బాగానే ఉన్నట్టు. ఇంకిపోయి రంగు ముదిరితే పూత అరిగిందన్నమాట, లేదా అది నూనె, మైనం పాలిష్. దాని మీద తడి పెట్టొద్దు. కింది పద్ధతి మొదటి రకానికే.

1. రెండు రోజులకోసారి పొడి మైక్రోఫైబర్ మాపుతో ఊడవండి. వాక్యూమ్ అయితే తిరిగే బ్రష్ ఆపేయండి. గీతలు పడేది ఎక్కువగా కాళ్ళ కింద నలిగే ఇసుక వల్లే. చెప్పులు గుమ్మం బయట విడిచే మన అలవాటు ఇక్కడ సగం పని చేసిపెడుతుంది.

2. వారానికో, పదిహేను రోజులకో న్యూట్రల్ పీహెచ్ (అటు ఆమ్లమూ ఇటు క్షారమూ కాని) క్లీనర్‌ను నేల మీద కాకుండా మాపు గుడ్డ మీద స్ప్రే చేసి, పలకల పొడవు వెంబడి తుడవండి. గుడ్డ పిండితే చుక్క రాకూడదు, తుడిచిన చోట నిమిషంలో ఆరిపోవాలి. గుడ్డ మాసిందంటే మార్చండి, లేదంటే మురికినే పులుముతున్నట్టు.

వెనిగర్ మెరుపును చంపుతుంది. స్టీమ్ మాపు ఆవిరిని సందుల్లోకి తోస్తుంది. మెరుపు కోసం పైన మైనం రాశారో, రేపు కొత్త కోటింగ్ అతుక్కోదు.

పసుపు పడితే వెంటనే తుడిచేయండి. క్షారం ఎక్కువున్న సబ్బు తగిలితే అది ఎర్రబడుతుంది, కంగారుపడొద్దు. మిగిలిన మరక ఎండ తగిలితే వెలిసిపోతుంది. దీపం నూనెను ముందు పొడి టిష్యూతో అద్ది, తర్వాత క్లీనర్‌తో తుడవండి. తులసి కుండీ కింద పడే నల్ల మరక మాత్రం మొండిది: ఓక్‌లో సహజంగా ఉండే వగరు పదార్థం టానిన్‌కు నీళ్ళూ ఇనుమూ తోడైతే నలుపు చెక్కలోకే దిగుతుంది, పైపైన తుడిస్తే పోదు. కుండీని స్టాండు మీద పెట్టండి.

ఇంట్లో తేమ 35 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. చలికాలం హీటర్ వేస్తే గాలి ఎండి పలకల మధ్య సన్నని సందులు వస్తాయి. వాటిని ఫిల్లర్‌తో నింపొద్దు, వేసవిలో అవే మూసుకుంటాయి.

స్టవ్ ముందు, నడిచే దారిలో మెరుపు తగ్గితే పూత పూర్తిగా అరగకముందే పైన ఒక కోటింగ్ వేయించండి. ముప్పావు అంగుళం మందమున్న అసలు చెక్కను చాలాసార్లు సాండింగ్ (గరుకు కాగితంతో పైపొర అరగదీయడం) చేయొచ్చు. ఇంజినీర్డ్ పలకకు, అంటే ప్లైవుడ్ లాంటి దాని మీద అసలు చెక్క పొర అతికించినదానికి, పైపొర 2 మిల్లీమీటర్లే ఉంటే ఒక్కసారి కూడా అనుమానమే. దొన్నెలా వంగిన నేలను ఆరకముందే సాండింగ్ చేయిస్తే, ఆరాక అంచులు దిగిపోయి పలకల మధ్యలు వీపుల్లా లేస్తాయి.