వీల్యాన్‌లు పెట్టే ముందు ఇవి చూసుకోండి

మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా కంప్యూటరు, బిల్లింగు, సీసీ కెమెరాలు అన్నీ ఒకే నెట్‌వర్క్ స్విచ్ మీద నడుస్తుంటే వీల్యాన్‌లుగా (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లుగా) విడగొట్టడం మంచిదే, కానీ వడ్ల సీజన్‌లో పగటిపూట మాత్రం చెయ్యి పెట్టకండి.

- ఏ పోర్టులోకి ఏ వైరు వచ్చిందో రాసుకోండి. కాన్ఫిగ్ (స్విచ్ సెట్టింగుల) బ్యాకప్ తప్పనిసరి.
- వీల్యాన్ నంబర్లు 1 నుంచి 4094 వరకు ఉంటాయి. 1 డిఫాల్ట్, దాన్ని వదిలేయండి. ఆఫీసుకు 10, కెమెరాలకు 20 అనుకోండి.
- అసలు టెన్షన్ ట్రంక్ (చాలా వీల్యాన్‌లను ఒకే వైరులో మోసే లింకు) దగ్గరే. సిస్కో స్విచ్‌లో ట్రంక్ మీద అనుమతించిన వీల్యాన్‌ల జాబితాకు కొత్తది కలిపేటప్పుడు ‘యాడ్’ అని కొట్టడం మరిస్తే పాతవన్నీ పోయి కొత్తదొక్కటే మిగులుతుంది, మీరు ఇంట్లో కూర్చుని లాగిన్ అయి ఉంటే లైన్ తెగిపోతుంది, ఇక బండేసుకుని మిల్లుకు పోవాల్సిందే. అందుకే ముందు ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టండి. సేవ్ చేయనంతవరకు, పది నిమిషాలకు స్విచ్ తనే రీస్టార్టై పాత సెట్టింగుకొస్తుంది. పని సరిగ్గా అయితే దాన్ని క్యాన్సిల్ చేసి, అప్పుడు సేవ్ చేయండి.
- ట్రంక్ రెండు వైపులా నేటివ్ వీల్యాన్ (నంబరు ట్యాగ్ లేకుండా వెళ్లే డేటాకు కేటాయించినది) ఒకటే ఉండాలి.
- ఓనర్ ఆఫీసులోంచే కెమెరాలు చూస్తానంటాడు (అనకుండా ఉండడు), వేర్వేరు వీల్యాన్‌లు మాట్లాడుకోవాలంటే కావాల్సిన రౌటరో లేయర్ 3 స్విచ్చో (రౌటింగ్ కూడా చేసే స్విచ్) ఉందా చూసుకోండి.