లాబ్రడార్‌లో గాలం విసిరే ముందు రాళ్ళు తిప్పి చూడండి

కెనడా తూర్పు కొసన ఉన్న లాబ్రడార్‌లో, గూస్ బే నుంచి నీళ్ళ మీద దిగే చిన్న విమానమెక్కి మినిపి నది దాకా వెళ్ళేది అక్కడి పెద్ద పెద్ద బ్రూక్ ట్రౌట్ చేపల కోసమే. అంత దూరం వెళ్ళాక దిగీ దిగగానే గాలం విసిరేయాలనిపిస్తుంది. ఓ అరగంట ఆగండి. ఫ్లై ఫిషింగ్‌లో బతికున్న ఎర ఉండదు, పురుగులా కనిపించేలా కొక్కేనికి ఈకలు, దారం చుట్టిన ఫ్లై ఉంటుంది. ఆ పూట చేప ఏ పురుగు తింటోందో తెలియకపోతే ఎంత మంచి రాడ్ ఉన్నా లాభం లేదు.

మోకాలి లోతు నీళ్ళలో ఒక రాయి ఎత్తి అడుగు వైపు చూడండి. పొట్ట పక్కల మొప్పలు అల్లాడుతూ, ఎక్కువగా మూడు తోకలతో కనిపించేది మేఫ్లై పిల్ల. రెండే తోకలుండి, కాలి చివర రెండేసి గోళ్ళుంటే స్టోన్‌ఫ్లై. ఇసుక రేణువులు, పుల్లముక్కలు అతికించుకుని చిన్న గొట్టంలో దాక్కునేది కాడిస్. కాసేపు కదలకుండా ఉంటే మెల్లగా తల బయటపెడుతుంది.

ట్రౌట్‌కి తిండి ఎక్కువగా నీటి లోపలే దొరుకుతుంది. అందుకని పైన ఏ కదలికా లేకపోతే 14 లేదా 16 సైజు ఫెజెంట్ టెయిల్ నింఫ్ (నీటి అడుగున ఉండే పురుగు పిల్లలా కనిపించే ఫ్లై) కట్టి అడుగుకి దగ్గరగా పోనివ్వండి. సైజు నంబరు పెరిగే కొద్దీ కొక్కెం చిన్నదవుతుంది, కొత్తవాళ్ళు ఇక్కడే పొరబడతారు.

అసలు సంబరం మేఫ్లైలు లేచినప్పుడు. మన దగ్గర తొలకరికి ఉసిళ్ళు లేచినట్టే నది మీదంతా రెక్కలే. ఒకసారి నా చొక్కా చేతి మీద ఒకటి వాలింది, రెక్కలు మసకగా ఉన్నాయి. చూస్తుండగానే వీపు దగ్గర పొర చిట్లి, అందులోంచి గాజులాంటి రెక్కలతో ఇంకో రూపం బయటికొచ్చింది, ఖాళీ పొర మాత్రం గుడ్డకే అతుక్కుపోయింది. రెక్కలొచ్చాక మళ్ళీ పొర విడిచే పురుగు ఇదొక్కటే. ఇక దానికి తిండి ఉండదు, జతకట్టి, గుడ్లు పెట్టి, రెక్కలు చాపి నీటి మీద పడిపోతుంది. అప్పుడు ట్రౌట్ తొందరేమీ లేకుండా పీల్చుకుంటుంది, చిన్న వలయం తప్ప ఏమీ కనబడదు. ఆ సమయానికి రెక్కలు పరుచుకున్న స్పిన్నర్ ఫ్లై కట్టండి. ట్రౌట్ నీళ్ళు చిమ్ముతూ ఎగిరి పడుతుంటే అది తింటున్నది కాడిస్ అయుండొచ్చు, ఎల్క్ హెయిర్ కాడిస్ అనే ఫ్లై వేసి చూడండి. చేప వీపు, దాని మీది రెక్క మాత్రమే పైకి తేలుతుంటే నీటి పైపొర కిందే పైకొస్తున్న పురుగుల్ని తింటోందని అర్థం.

ఫ్లై సరిగ్గా కుదిరినా లైన్ (గాలం తాడు) దాన్ని లాగేస్తే చేప ముట్టదు. నిజమైన పురుగు ప్రవాహంతోపాటే పోతుంది కదా! మీకూ చేపకీ మధ్య నీరు జోరుగా ఉంటే, లైన్ వాలగానే ఆ భాగాన్ని ఎగువకి తిప్పి వేయండి. చేప నోరు మూసుకున్నాకే రాడ్ ఎత్తండి, ఆత్రపడితే దాని నోట్లోంచే లాగేస్తారు.

9 అడుగుల, 6 వెయిట్ (రాడ్‌కి సరిపడే లైన్ బరువుని చెప్పే నంబరు) రాడ్ చాలు. కొక్కెం ముల్లుని ముందే పట్టకారుతో నొక్కేయండి, చేపని తిరిగి నీళ్ళలోకి వదిలేటప్పుడు సులువు. తడి చేతులతో పట్టుకుని, తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి, దానంతటదే కదిలేవరకూ ఆగండి.

నల్లఈగలు కళ్ళూ చెవులూ వదలవు, తలకి వల తప్పనిసరి. పురుగుల్ని తరిమే డీట్ అనే రసాయనం ఉన్న మందు రాసుకుంటే అరచేతులు కడుక్కున్నాకే లైన్ ముట్టుకోండి, దాని ప్లాస్టిక్ పూతని అది పాడుచేస్తుంది.