యెరూషలేము మొదటిసారి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

టికెట్ కొనేముందు మన విదేశాంగ శాఖ ప్రయాణ సూచనలు చదవండి. అక్కడి పరిస్థితి వారంలో మారిపోవచ్చు. వెళ్లొద్దంటే ఆగడమే మేలు. పాస్‌పోర్ట్ గడువు కనీసం ఆరు నెలలుండాలి.

ఎయిర్‌పోర్టులో బ్యాగు ఎవరు సర్దారు, ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని గుచ్చిగుచ్చి అడుగుతారు. టెన్షన్ పడకుండా నిజం చెప్పండి. ఎవరో ఇచ్చిన పార్సిల్ మాత్రం తీసుకెళ్లకండి, చర్చిలో తెలిసిన అంకులైనా సరే.

బేత్లెహేము పాలస్తీనా వైపు ఉంది. తిరిగొచ్చేటప్పుడు చెక్‌పోస్టులో పాస్‌పోర్ట్ అడుగుతారు, హోటల్లో వదిలేయొద్దు. యేసు పుట్టిన చోట కట్టిన అక్కడి జనన దేవాలయం గుమ్మం ఎత్తు సుమారు 1.2 మీటర్లే. తల వంచి వెళ్లండి, వీపున బ్యాగుంటే ఇంకా వంగాలి.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం. బస్సులు దాదాపు ఉండవు, చాలా దుకాణాలు మూసేస్తారు. తిండి ముందే కొనుక్కోండి.

యెరూషలేములో హిజ్కియా రాజు నీళ్ల కోసం తవ్వించిన సొరంగం 533 మీటర్లు. లోపల చీకటి, మోకాళ్ల దాకా నీళ్లు. టార్చి, తడిసినా పర్లేదనే చెప్పులు కావాలి. ఇరుకంటే భయమైతే మానేయండి, సొరంగం నీళ్లు చేరే సిలోయము కోనేరు బయటినుంచీ చూడొచ్చు.

మృత సముద్రంలో దిగే రోజు, ముందురోజు షేవింగ్ వద్దు. ఉప్పు మంట మామూలుగా ఉండదు! కళ్లలో పడితే వెంటనే మంచినీళ్లతో కడగండి.

చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు. అన్నీ రాతి మెట్లే కాబట్టి కొత్త బూట్లు వద్దు.